ఊకొట్టడం

ఊకొట్టడమంటే సరేననడమని నిఘంటువు చెబుతుంది. అది రాసినాయన ఏనాడూ బొగ్గుబాయి దిగి ఉండడు. మా నాన్న దిగాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, మంచం మీద వాలి నాకు కథ చెప్పేవాడు. నేను ఊకొట్టకపోతే గభాలున లేచి కూర్చునేవాడు.

"బాయిల చీకట్ల మాట్లాడుతుంటే అవతలోడు ఊ అనాలె బిడ్డా. అనకపోతే పని ఇడిసిపెట్టి వాని దిక్కు ఉరుకుతం" అనేవాడు.

ఇప్పుడు నేను కల్లూరు బడిలో పాఠాలు చెప్పి చెప్పి, బస్సులో నిలబడి ఇంటికొస్తాను. కథ చెబుతానని కూతురు ఎదురుగా కుర్చీ లాక్కుంటుంది. కళ్ళు మూసుకునే ఊకొడతాను.

నిన్న కళ్ళు తెరిచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అప్పటికీ నేను ఊకొడుతూనే ఉన్నాను.