జిగురు కడిగిన ఉఖా

రష్యాలో ఒనేగా సరస్సు దగ్గర ఉఖా కాచడం మగవాళ్ళ పని. ఒడ్డున మంట వేసి, చేపల పులుసు మరిగించి, చివర్లో ఒక గ్లాసు వోద్కా పోసి, మండుతున్న కొరివి అందులో ముంచి తీస్తారు. ఆడది తొంగి చూస్తే రుచి చెడుతుందట! అందుకే కపితొలీనా తల నెరిసేదాకా కాపురం చేసి కూడా మొగుడి ఉఖా తిన్నదే గాని కాచి ఎరగదు.

ఇప్పుడా మొగుడు సవ్వాతి మంచాన పడ్డాడు. పక్షవాతంతో మాట పోయింది. నోటిదగ్గర ఏం పెట్టినా పెదవులు బిగిస్తున్నాడు. "తింటే నిలుస్తాడు. తినకపోతే నేను చేసేదేం లేదమ్మా" అనేసి వెళ్ళింది నర్సు. గంజి అయింది, పాలు అయ్యాయి. ఇక మిగిలింది ఉఖా ఒక్కటే.

పొరుగింటి అగ్నియా మొగుడు గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు కన్నం పెట్టి పట్టిన ముళ్ళచేపలు, వేలెడేసివి, ఇచ్చి పంపాడు. కపితొలీనా గిన్నె అడుగు కూడా అద్దంలా తోమే మనిషి. వాటికి ఉప్పు రాసి, జిగురంతా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడిగింది. పొట్టలు తీసింది. గుడ్డలో మూటగట్టి, గిన్నెడు నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టింది.

అగ్నియా ఉండబట్టలేక వచ్చి మూత ఎత్తింది.

"ఏం వదినా, ఉఖా అన్నావు, స్నానానికి నీళ్ళు కాచావా?"

"శుభ్రంగా కడిగి వేశానే!"

"జిగురు కడిగేశావా? ఓసి నీ శుభ్రం మండ! దానికున్న బలమే ఆ జిగురు. పొలుసుతో, పేగులతో అలాగే గిన్నెలో పడెయ్యాలి."

"ముందే చెప్పొచ్చుగా!"

"చేపలకి పెళ్ళికూతురి స్నానం చేయిస్తావని నేనేమన్నా కలగన్నానా?"

"మీ ఆయన్నడిగి ఇంకో నాలుగు పట్టించవే."

"మంచు బీటలు వారుతోంది వదినా. ఇంక సరస్సు మీద కాలు పెట్టేదెవరు?"

చేసేదేముంది? కపితొలీనా వోద్కా పోసింది, పొయ్యిలోంచి కొరివి లాగి ముంచింది. చుయ్యిమంది. ఆ పొగవాసనకి సవ్వాతి ముక్కుపుటాలు కదిలాయి. నోరు తెరిచాడు! కపితొలీనా చెంచాడు పోసింది. మింగాడు.

"సూ...ప్" అన్నాడు.

ఆ ఒడ్డున ఉఖాని సూప్ అంటే అమ్మని తిట్టినట్టే.

"తిట్టాడు వదినా! మాటొచ్చింది!" అగ్నియా చప్పట్లు కొట్టింది. కపితొలీనా కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"తిట్టవయ్యా, నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. ఇంకొక్క చెంచా తిని తిట్టు."

అతను కోపంగా కూడా చూడలేదు. ఎవరింట్లోనో బలవంతాన కూచోబెట్టిన చుట్టంలా చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

సాయంత్రం గంజి పెట్టింది. పెదవులు విడలేదు. పొద్దున్నే మంచినీళ్ళు పోసింది. అవి మెడ మీదుగా దిండులోకి కారిపోయాయి.