తాళం వేసిన చర్చిలో చావుగంట

ఈస్టర్ ముందటి శనివారం, మధ్యాహ్నం సరిగ్గా రెండుంపావుకు ఆ గంట మొదలైంది. ఆ రోజుల్లో మొయినాబాద్ దాటి చేవెళ్ల పోయే దారిలో ఇన్ని ఫామ్‌హౌస్‌లు లేవు. చేల మధ్య ఎత్తుగా కనిపించేది మా లూథరన్ చర్చి గంటగోపురం ఒక్కటే. దాన్ని మిషన్ దొర రాతితో, గచ్చుతో కట్టించి మొన తేలిన కమానులు పెట్టించాడు. తెచ్చిన టేకంతా ప్రసంగపీఠానికే అయిపోయి గోపురం కిటికీలకు తలుపులు లేకుండా పోయాయి. (దొరకు లెక్క రాదని మా బాపు అనేవాడు.) గాలి దూరితే గోపురం మనిషిలా మూలిగేది.

ఆ రోజు గాలిదుమారంలో గంట మోగింది. ఒక దెబ్బ, చాలాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఒక దెబ్బ. మా సంఘంలో మనిషి పోతేనే అలా కొడతారు. జనం వాకిళ్లలోకి వచ్చి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవరు పోయిండ్రే?"

"అందరం ఈడనే ఉన్నం గద!"

చర్చికి తాళం వేసి ఉంది. తాళంచెవి పట్టుకుని పాస్టరు భార్య, మా పాస్టరమ్మ, చేవెళ్ల సంతకు పోయింది. సండే స్కూల్ టీచర్‌ను కాబట్టి నాకు ధైర్యం ఉండాలని అందరూ నన్నే ముందుకు తోశారు. కిటికీలోంచి తొంగిచూశాను. లోపలి మసకలో తెల్లటి, తల లేని ఆకారం మెల్లగా పైకి లేచింది. గంట మోగింది. ఆకారం మెల్లగా కూర్చుంది. (ప్రార్థన మొదలుపెట్టాను గాని, నోటికి ఎక్కాలే వచ్చాయి.)

జ్వరంతో పడుకున్న మా అవ్వకు మాత్రం అనుమానమే లేదు. "నా గంటనే, బిడ్డా" అని గంజి పక్కకు నెట్టి, తెల్లచీర కట్టించుకుని, చూడవచ్చినవాళ్లకు సామాన్లు పంచసాగింది. ఆ గంజి కూడా మానితే తెల్లారేసరికి మనిషి మిగలదని బాపు ఏడ్చాడు.

పాస్టరమ్మ వచ్చి తాళం తీశాక తెలిసింది: ఈస్టర్‌కు బలిపీఠం మీద పరిచే గుడ్డను ఉతికి, బయట దుమ్ము పడుతుందని గంట తాడుకు కట్టి ఆరేసిందట. గాలికి అది ఉబ్బి తాడు లాగుతోంది. గుడ్డ విప్పాక కూడా గంట ఇంకొక్కసారి మోగింది. గాలేనన్నాడు నా వెనకే వచ్చిన బాపు. అప్పటికి గాలి ఆగిపోయింది. ఆ సంగతి దాచి ఇంటికి పరుగెత్తాను.

"అవ్వా, ఎవరూ పిలుస్తలేరు. అది ఈస్టర్ గుడ్డ!"

"దేవుడు గుడ్డతోనైనా పిలుస్తడు. మోగింది మోగిందే."

"పాస్టరమ్మ తాడుకు ఆరేసింది."

అవ్వ కళ్లు తెరిచింది. "ఏ గుడ్డ? నేను లేసు అల్లిందా?"

"ఆ. జర చినిగింది."

"చినిగిందా! గంజి తే ఇటు. ఆమెకు బుద్ధి జెప్పకుండ నేనెట్ల పోత?"

రెండు గిన్నెలు తాగి, నా భుజం పట్టుకుని బయలుదేరింది. ఇంకా పదకొండేళ్లు బతికింది. పంచినవి మాత్రం వెనక్కి రాలేదు. "చావుగంటకు ఇచ్చినయి వాపస్ అడుగుతరా, పెద్దమ్మా?" అంది కోళ్లు పట్టుకుపోయిన పక్కింటామె.

ఇప్పుడు నాది అవ్వ వయసు. వేళకాని వేళ గంట వినిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ వెంటనే లేచి ఇత్తడి సామాను లోపల పెట్టుకుని, నాలో నేనే నవ్వుకుంటాను. ఆ రోజు నష్టం: కోళ్లు రెండు, బిందె ఒకటి, గొంగడి ఒకటి, లేసు జానెడు. మనుషులు మాత్రం ఎవరూ పోలేదు.