ముక్కు పగిలిన అధ్యక్షుడు

డిసెంబరు వచ్చిందంటే గ్వాయకిల్ ఊళ్లో ఎలుతేరియో కిమీకి తిండి సయించదు. పాత పేపర్లకు జిగురు పూసి నిలువెత్తు బొమ్మలు చేసి వీధిలో అమ్మడం ముప్పై ఎనిమిదేళ్లుగా అతని పని. ఏడాది ఆఖరి రోజున జనం వాటిని తిట్టి, తన్ని, తగలబెడతారు. గద్దె మీద ఎవరున్నా సరే, వాళ్ల బొమ్మ కొట్టు ముందు నిలబడాల్సిందే. పేపర్లో వచ్చే కార్టూన్ కత్తిరించి గోడకు అంటించుకుని, ఆ ముక్కూ ఆ గడ్డమూ దించేవాడు. ఒక అధ్యక్షుడైతే మనిషిని పంపి తన బొమ్మ తనే కొనిపించుకుని పగలబడి నవ్వాడట. ఏం రోజులవి!

ఈ ఏడు కొత్త అధ్యక్షుణ్ని గీసినందుకు ఆ కార్టూనిస్టు మీద కేసు పడింది. అప్పట్నుంచి పేపర్లో ఆ గడిలో పూలూ పిట్టలే వస్తున్నాయి. పిట్టల్ని ఎవడు తంతాడు? ఎలుతేరియో దాచుకున్న పాత కార్టూన్ చూసి, కొత్త అధ్యక్షుడి పొడుగు ముక్కు అచ్చు గుద్దినట్టు దించాడు. ఊరంతా నోరు మూసుకుంటే నీకెందుకయ్యా ఈ తలనొప్పి అని భార్య యదీరా ఒకటే పోరు. వద్దని ఎవరన్నారే అని కసిరేవాడు. నిజమే, ఎవరూ అనలేదు. అదే మరీ భయంగా ఉంది.

ముప్పయ్యో తేదీ పొద్దున పోలీసు సార్జెంట్ బజాన్యా కొట్టు వైపే వస్తూ కనిపించాడు. ఎలుతేరియో వెనకాముందూ చూడకుండా బొమ్మ ముక్కు మీద పిడికిలితో ఒక్కటిచ్చి, మడిచి బల్ల కింద కుక్కేశాడు.

సార్జెంట్ కొట్టంతా కలయజూశాడు. "అధ్యక్షుడేడీ, పెద్దాయనా? తన్నడానికి మా పిల్లలు కాచుక్కూచున్నారు."

"ఈసారి... చెయ్యలేదు."

"ఎవరైనా వద్దన్నారా?"

"లేదు."

సరేలే, పక్క కొట్లో చూస్తానంటూ అతను కదిలాడు.

పక్క కొట్టు మక్లోవియాది. ఎలుతేరియో ఏది పెడితే అదే పెట్టడం, ఏది తీస్తే అదే తీయడం ఆ వీధికి మొదట్నుంచీ అలవాటు. పిడికిలి పడ్డం చూడగానే ఆమె తన అధ్యక్షుడి తల తెంచేసింది. ఆమెను చూసి ఆవలివాడు, వాణ్ని చూసి ఇంకొకడు.

సార్జెంట్ వీధి చివరిదాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఒక్క కొట్లోనూ లేదు. పైనుంచి ఏదో ఆర్డరొచ్చినట్టుంది, నాకే తెలీలేదు. పెద్దాయనా, నీకు దణ్ణం పెడతా, నేనొచ్చి అడిగానని ఎక్కడా అనకు."