ప్రార్థన మనవి

డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ లేటయింది. బైబిల్ తెరిస్తే అందులోంచి ఒక ఫోటో జారి పక్క సీట్లో ఉన్నావిడ కాళ్ల దగ్గర పడింది. మా తెలుగు చర్చిలో అందరి ముందూ చెయ్యెత్తి, చదివిస్తానని ఒప్పుకున్న ఉగాండా పల్లెటూరి పాప ఫోటో అది. ఆవిడ దాన్ని తీసి, వెనక అచ్చేసిన పాప వివరాలు చదివి, చాలాసేపు చూసింది.

"నేనూ ఇలాగే చదువుకున్నాను," అంది. ఆవిడదీ ఉగాండానేనట, ఇక్కడ నర్సు. "మీరు పాపకి లెటర్స్ రాస్తారా?"

"మొదట్లో ఒకటి రాశాను," అన్నాను.

"నన్ను చదివించినాయన కూడా ఒక్కటే రాశాడు. వాళ్లమ్మకి ఆపరేషన్, ప్రార్థన చేయమని. స్కూలంతా మోకరించాం. ఆవిడ బతికిందో లేదో మాకెవరూ చెప్పలేదు. బతికే ఉందనుకుని ఇప్పటికీ చేస్తున్నాను," అని నవ్వింది.

అంతలో ఆవిడ ఫ్లైట్ పిలిచారు. ఫోటో నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఎవరికి ఉత్తరం రాసినా చివర ప్రార్థన మనవి పెట్టడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ పాపకీ పెట్టాను, మా బాబుకి జ్వరమని.

ఇంటికెళ్లి, ఆ పాప దగ్గర్నుంచి వచ్చినవి, వంటింటి సొరుగులో చించకుండా పడేసిన కవర్లు తీశాను. రోజూ కుటుంబ ప్రార్థనలో ఆ పిల్ల పేరు తలుస్తున్నాం కదా, అదే చాలనుకున్నాను. మూడేళ్ల ఉత్తరాలు. ప్రతిదాని చివరా ఒకటే ప్రశ్న: "బాబుకి జ్వరం తగ్గిందా? మేమింకా ప్రార్థన చేస్తున్నాం."

మావాడికి ఆ జ్వరం రెండు రోజుల్లోనే తగ్గిపోయింది.