నా చేతికే వినే బండి

బండి కింద వెల్లకిలా పడుకుంటే ముందుగా కనపడేవి మనం చేసిన పాపాలే. సోమందేపల్లె హైవే పక్కన మెకానిక్ భాయ్ షెడ్డులో గోనెపట్ట పరుచుకుని నా పికప్పు కిందికి దూరిన పూట నా ముఖం మీద ఎర్రమట్టి రాలింది. గ్రీజు రాలింది. ఎండిన నిమ్మతొక్కలు, వాటి వెనకే మెత్తగా కుళ్లినదేదో పెదవి మీద పడింది. బయటికి పాకి వచ్చి ఉమ్మేశాను. ఆ రోజంతా ఉమ్ముతూనే ఉన్నాను, నోరు మాత్రం శుభ్రపడలేదు.

అది బరువుబండి. వేరుశనగ బుడ్డల మూటలు, టమోటా బుట్టలు, బోరు పైపులు ఏవైనా మోస్తుంది. పొద్దున పూట మా ఊరి ఆడకూలీలను తోటల దగ్గర దించుతుంది. పద్నాలుగు మంది కొడవళ్లు, సద్దిగిన్నెలు పట్టుకుని వెనక నిలబడతారు.

ఆ బండి స్టీరింగు రెండేళ్లుగా వదులు. చక్రాన్ని పావు వంతు తిప్పినా కింద టైర్లకు కబురు అందేది కాదు. అందినప్పుడు ఒక్కసారిగా అందేది. ఊరికే వదిలితే ఎడమకు లాగేది, నేను కుడికి బిగబట్టి తోలేవాణ్ణి. బాగు చేయించాలన్న ఆలోచన రాలేదు సరికదా, అదొక గొప్పయింది నాకు. టీ బంకు దగ్గర ఎవరైనా తోలి చూసి, ముఖం పాలిపోయి దిగితే పళ్లికిలించేవాణ్ణి. "నా బండి నా చేతికే వింటాదప్పా" అనేవాణ్ణి.

పోయిన వానాకాలం నాకు విషజ్వరం వచ్చి కీళ్లన్నీ పట్టేశాయి. కలుపు తీతల రోజులు, బండి ఆగితే కూలీలకు పని పోతుంది. నా బామ్మర్దిని పిలిచాను. వాడికి సొంత బండి లేదు, ఎవరు పిలిస్తే వాళ్ల బండి తోలతాడు. అట్లాంటి డ్రైవరుకు ఉన్న ఆస్తి ఒకటే, ఫలానా వాడు బాగా తోలతాడన్న పేరు. తాళాలు చేతిలో పెట్టాను. స్టీరింగు సంగతి చెప్పలేదు. మరిచిపోయానని ఇంట్లో చెప్పుకున్నాను గానీ అది అబద్ధం. ఎట్లా తోలతాడో చూద్దాం, నా బండి విలువ తెలిసొస్తుంది అనుకున్నాను. మనిషి మనసులో ఇంత చెత్త ఉంటుందని నాకు నన్ను చూసే తెలిసింది.

వంక దగ్గర మలుపులో బండి తిరగలేదు. నేరుగా పోయి ఇసుకలోకి దిగి ఒక పక్కకు ఒరిగింది. చాలామందికి దెబ్బలు తగిలి ఒళ్లు కమిలిపోయింది. అందరికంటే పెద్దదైన అవ్వకు ముంజేయి విరిగింది.

నేను కంబళి కప్పుకుని పోయాను. ఆడవాళ్లందరి ముందు, మోచేతుల నుంచి రక్తం కారుతున్న వాణ్ణి నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను.

"తోలేకి రాకపోతే రాదని చెప్పల్ల. ఆడోళ్లను సంపుతావేమిరా?"

"తిప్పినా బావా. తిప్పినా తిరగలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట."

ఆ సామెత అందరికీ నచ్చింది. సాయంత్రానికి ఊరు దాటింది, వారానికి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగింది. వాణ్ణి బండి మీదికి పిలిచేవాళ్లు లేకపోయారు. వాడు పోయి ఇటుకల బట్టీలో చేరాడు. నా భార్య తమ్ముడి గురించి ఒక్క మాట కూడా అడగలేదు. కంచంలో ముద్ద పెట్టి, నేను తినేదాకా నిలబడకుండా లోపలికి పోయేది.

నేనేం చేశానంటే, దిష్టి తగిలిందని ఇంకో నల్లతాడు కట్టాను.

మా వైపు బండికి నల్ల ఉన్ని తాడు కడతారు. అందులో నిమ్మకాయ, ఎండుమిరపకాయలు గుచ్చుతారు. అందరూ ముందు బంపరుకు కడతారు. నేను అందరికంటే తెలివైనవాణ్ణి కదా, బంపరుకు కడితే ఎవడైనా తెంపుతాడని బండి కిందికి దూరి, రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ చివర బిగించి కట్టాను. ఆయుధపూజ వచ్చినప్పుడల్లా పాతది తీయకుండా దాని మీదే కొత్తది కట్టాను. వంకలో పడ్డాక కట్టింది నాలుగోది.

మెకానిక్ దగ్గరికైనా నేను బుద్ధి తెచ్చుకుని పోలేదు. ఆ తర్వాత వేసిన కొత్త టైరు నెల తిరక్కుండానే లోపలి అంచున నున్నగా అరిగిపోతే, టైరు కోసం పోయాను. భాయ్ టైరు చూసి, నన్ను కింద పడుకోమని, తాను పైన కూర్చుని స్టీరింగు అటూ ఇటూ ఆడించాడు. ముందు టైరు కదలడం లేదు. కడ్డీ చివరి కీలు ఒక్కటే ఊగే పంటిలా పైకీ కిందికీ ఎగురుతోంది.

"చూస్తాండావా అన్నా? చెయ్యి పెట్టు."

పెట్టాను. వేళ్ల మధ్య అది లొటలొటలాడింది.

భాయ్ కిందికొచ్చి బ్లేడుతో తాళ్లు కోశాడు. నాలుగు తాళ్లూ కలిసి చచ్చిన పందికొక్కు మాదిరి ఒకటే ముద్దగా ఊడిపడ్డాయి. మట్టి, కుళ్లు, పురుగులు. దాని కింద కీలుకు ఉండాల్సిన రబ్బరు టోపీ లేదు, చీలికలు మాత్రం అంటుకుని ఉన్నాయి.

"టోపీని ఈ తాడే కోసేసినాది. గ్రీజు బయటికి, మట్టి లోపలికి. ఇంగ కీలు ఏముంటాది?" అని, నట్టు దగ్గర వేలు పెట్టి ఆగాడు. "ఈడ పిన్నుకు బదులు కట్టుతీగ పెట్టినారు. ఎవురు పెట్టిందన్నా?"

నేనే. రెండేళ్ల కిందట పిన్ను ఊడిపోతే కంచెకు మిగిలిన తీగ ముక్క దూర్చాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఆయనకు అది చాలింది.

మామూలుగా ఆ కీలును ఊడదీయాలంటే పక్కనుంచి సుత్తితో గట్టిగా నాలుగు దెబ్బలు వేయాలట. ఇది మొదటి దెబ్బకే రాలి నా కాళ్ల దగ్గర పడింది. కొత్త కీలుకు బయటికున్న ఇనుప మొలను వేళ్లతో కదపాలని చూస్తే కదల్లేదు. పాతది గాలికి కూడా ఊగేట్టు ఉంది.

"వంకలో పడింది ఈ బండేనా?" అన్నాడు భాయ్, చేతులు తుడుచుకుంటూ.

"ఊ."

"అయ్యో. మొన్న ఒకాయప్ప డ్రైవరు కావల్లంటే మీ బామ్మర్ది పేరొచ్చినాది. వద్దని చెప్పింది నేనే. మద్దెల ఓడని నువ్వన్న మాటే చెప్పినా."

ఆయన ముఖం చూడలేక కింద పడిన తాళ్ల ముద్దను చూశాను. మద్దెల నిజంగానే ఓడు. అది ఓడని నాకు తెలుసు. తెలిసి ఆడినవాణ్ణి తిట్టాను.

స్టీరింగు కడ్డీలకున్న నాలుగు కీళ్లూ మార్చాడు. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో నోటితో లెక్కపెట్టుకుని, కొత్తది కూడా అన్ని చుట్లే బిగించాడు. నూలు దారం పట్టుకుని టైర్ల మధ్య ముందూ వెనకా కొలిచి సరిచేశాడు. తీగ ఉన్న చోట కొత్త పిన్ను వేసి రెండు కొసలూ విడదీసి మడిచాడు.

రోడ్డెక్కగానే బండి కుడికి పోయింది. భాయ్ తప్పు చేశాడని ఆపబోయాను. అప్పుడు చూసుకున్నాను నా చేతులను. అవే కుడికి లాగుతున్నాయి. బండి బాగైంది, రోగం నా చేతుల్లో మిగిలింది. ఇంటిదాకా వాటిని చూసి రోసిపోతూనే తోలాను.

మరుసటి పొద్దున పాలకేంద్రం ముందు కూలీలు చేరారు. నా భార్యతో కబురంపితే బామ్మర్ది వచ్చి దూరంగా, ఇటుకల దుమ్ముతో నిలబడ్డాడు. అవ్వ కట్టుచేతితోనే కోడల్ని బండెక్కించడానికి వచ్చింది. తువ్వాలులోంచి పాత కీలు తీసి ఆమె మంచి చేతిలో పెట్టాను.

"ఇది వదులైపోయినందుకే బండి తిరగలేదవ్వా. వాని తప్పేం లేదు."

ఆమె దాన్ని ఊపి చూసింది. అందరికీ ఆ చప్పుడు వినపడింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"రెండేండ్లు."

"తాళాలిచ్చేటప్పుడు ఆ పిల్లోనికి చెప్పినావా?"

"లేదు. కావాలనే చెప్పలేదు."

ఆమె ఉమ్మేస్తుందనుకున్నాను. ఉమ్మినా బాగుండేది. కీలును నేల మీద పడేసి, చేతికంటిన గ్రీజును నా చొక్కాకు రెండు సార్లు నిదానంగా తుడుచుకుంది.

"తాళాలు వానికియ్యి. నువ్వు ఎనక్కెక్కు."

బామ్మర్ది నా వైపు చూడకుండానే తాళాలు తీసుకున్నాడు. నేను వెనక ఎక్కాను. సద్దిగిన్నెల మధ్య ఆడవాళ్లు నాకు కొంచెం చోటు వదిలారు, అది దయతో కాదు, తగలకుండా ఉండడానికి. వంక దగ్గర మలుపు వచ్చింది. వాడు తిప్పాడు, బండి తిరిగింది. కమ్మీ పట్టుకున్న నా చేతులు మాత్రం ఇంకా కుడికే లాగుతున్నాయి.