జడ్జి కాకముందే వేసుకున్న గౌను

మా కౌంటీలో పొలం పోగొట్టుకున్నవాళ్ళలో సగంమందికి ఆర్డిత్ కొలారే లాయరు. మిగతా సగం లాయరే లేకుండా పోగొట్టుకున్నారని ఆమె మొగుడు వెర్లిన్ ఎగతాళి చేస్తుంటాడు. ఓడిపోయే కేసును ఓడిపోతామని మొహం మీదే చెప్పేస్తుంది ఆర్డిత్. అయినా జనం ఆమె దగ్గరికే వెళ్ళేవారు. చెప్పుకున్నదంతా చివరిదాకా వింటుందని పేరు.

ఆ వినడం ఆమె నేర్చుకున్నది నగరంలో, దేశ ప్రభుత్వం నడిపే ఫెడరల్ కోర్టులో. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక ముసలి దంపతుల తరఫున వాదించడానికి వెళ్తే, అక్కడి జడ్జి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆ ముసలావిడ ఏడుపు ఆగేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. కేసు ఓడిపోయారు. కానీ దంపతులిద్దరూ బయటికి వచ్చేటప్పుడు గెలిచినవాళ్ళలాగే నడిచారు. ఉద్యోగమంటే అదీ అనుకుంది ఆర్డిత్. ఎవరితోనూ అనలేదు. ముప్పై ఏళ్ళు విడాకులూ వీలునామాలూ చూసుకుంటూ గడిపేసింది.

ఆ జడ్జి కుర్చీ ఖాళీ అయ్యేసరికి ఆమెకు అరవై దగ్గరపడ్డాయి. అడిగి చూద్దామని దరఖాస్తు పెట్టింది. అక్కడినుంచి మొదలైంది తంతు. ప్రభుత్వం మనుషులు కోటు వేసుకుని ఇంటింటికీ తిరిగారు. ఆవిడ తాగుతుందా, మొగుడితో పడుతుందా, ఎవరినైనా తిట్టిందా అని ఆరా. ధాన్యం గిడ్డంగి దగ్గర వాళ్ళు అడిగితే "నన్ను తిట్టింది. తిట్టాల్సిన పనే చేశాన్లెండి" అని ఒకాయన ఒప్పుకున్నాడు. లాయర్ల సంఘంవాళ్ళు ఆమె చేతిలో ఓడినవాళ్ళకీ, ఆమెను ఓడించినవాళ్ళకీ ఫోన్లు చేశారు. ఎప్పుడో బడిపిల్లల ముందు చేసిన ప్రసంగం కూడా వెతికి పంపమన్నారు. చిట్టచివరికి అధ్యక్షుడు ఆమె పేరు ప్రకటించాడు.

అంతటితో అయిపోయిందని ఊరు అనుకుంది. అసలు పని అప్పుడే మొదలు, సెనేట్ ఒప్పుకోవాలి. సెనేట్ కమిటీ ఆమెను పిలవాలంటే, ముందు మా రాష్ట్రం సెనేటర్లిద్దరూ ఒక నీలం కాగితం మీద మాకు సమ్మతమేనని రాసి పంపాలి. ఏ చట్టంలోనూ లేదు, ఆచారం. కాగితం రాకపోతే పిలుపు రాదు. కాదు అని చెప్పే శ్రమ కూడా ఎవరూ పడనక్కర్లేదు.

చిన్న సెనేటర్ వెంటనే పంపేశాడు. పెద్ద సెనేటర్ వెక్స్‌ఫర్డ్ చూద్దాంలే అన్నాడు. ఆర్డిత్ కొత్త కేసులు మానేసి, పాతవి భాగస్వామి డ్వేన్‌కు అప్పగించింది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళడం, ఫోను వంక చూడడం, సాయంత్రం ఇంటికి రావడం. పని చేసి అలిసిపోతే నిద్రయినా పడుతుంది. పని లేని అలసటకు మందు లేదు.

అధ్యక్షుడి ఆఫీసునుంచి ఒక లాయరమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేసేది. "మేడమ్, ఎవరిచేతా జడ్జి అనిపించుకోకండి. గౌను కొనకండి, నగరంలో ఇల్లు చూడకండి. సెనేట్ ఇంకా మాట ఇవ్వలేదు. మనమే అనేసుకున్నామని తెలిస్తే వాళ్ళకి ఒళ్ళు మండుతుంది."

ఈ మాట ఆర్డిత్ వెర్లిన్‌కు చెప్పింది. వెర్లిన్ తన అక్క బెర్నడీన్‌కు చెప్పలేదు. ఆవిడకు చెబితే ఊరంతా చెప్పినట్టేనని భయపడ్డాడు. తెలివైనవాడే, కాకపోతే చెప్పాల్సిన ఒక్క సంగతే దాచాడు.

బెర్నడీన్ చర్చి హాలులో విందు పెట్టింది. కొలాచీలనే తీపి రొట్టెలు, క్యాబేజీ వేసిన మాంసం బన్నులు, బల్లంత కేకు, దాని మీద "జడ్జి ఆర్డిత్" అని నీలం క్రీముతో అక్షరాలు. ఆపైన అట్టపెట్టెలోంచి నల్ల గౌను బయటికి తీసింది. నొప్పుల చేతులతో తనే కుట్టింది.

"ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? తొడుక్కో. భుజాల దగ్గర పడుతుందో లేదో."

"వదినా, ఇప్పుడే వద్దు..."

"ఇంకెప్పుడు? నేను పోయాకా?"

ఆర్డిత్ తొడుక్కుంది. భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆమె నవ్వింది, ఒక్కసారి గిర్రున తిరిగింది కూడా. ఆ తిరగడమే కౌంటీ పత్రిక మొదటి పేజీలో అచ్చయింది.

వారం తిరక్కుండా వెక్స్‌ఫర్డ్ మనిషి కర్టిస్ ఆర్డిత్ ఆఫీసుకు వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఆవిడ అప్పుడే జడ్జి అయిపోయింది కదా, ఇంక నా కాగితంతో ఏం పని అంటున్నారు సెనేటర్ గారు."

"అది మా వదిన పెట్టిన విందు. నాకు తెలీదు."

"మంచిది. అదే ముక్క పత్రికలో వేయించండి. నాకు తెలీకుండా చేశారు, వెంటనే మందలించాను అని."

"తెలీకుండా చేసిన మాట నిజమే. మందలించలేదు. తొడుక్కున్నాను."

కర్టిస్ నిట్టూర్చాడు. "మేడమ్, ఇదేం కోర్టు కాదు, సాక్ష్యమూ కాదు. రెండు లైన్లు అడుగుతున్నాను."

ఆమె ఇవ్వలేదు. ఆ రాత్రి అన్నం బల్ల దగ్గర వెర్లిన్ మీద విసుక్కుంటూ జరిగిందంతా చెప్పింది. అది బెర్నడీన్ చెవిన పడడానికి ఒక పూట పట్టింది. తరవాతి వారం పత్రికలో బెర్నడీన్ మాటలు వచ్చాయి. తప్పంతా తనదేనట. ఆర్డిత్ గౌను చూడగానే మండిపడి, సెనేట్ పెద్దలను అవమానిస్తారా అని అందరిముందూ కడిగిపారేసిందట. తను బలవంతంగా భుజాల మీద వేస్తే లాగి పారేసిందట. విందుకు వచ్చినవాళ్ళందరికీ అది అబద్ధమని తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. మా ఊరు అలాంటి విషయాల్లో మంచి ఊరు.

రెండోరోజు నీలం కాగితం వెళ్ళింది. కమిటీ పిలిచింది.

ఆర్డిత్ వదినను ఒక్క మాట అనలేకపోయింది. అనాలంటే ముందు ఓపిక కావాలి. వస్తున్నది ఎలా వస్తేనేం, రానీ అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వాషింగ్టన్‌కు వెర్లిన్‌ను, బెర్నడీన్‌ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

కమిటీ ముందు చెయ్యెత్తించి, నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. సొంత రాష్ట్రం సెనేటర్ పరిచయం చెయ్యడం అక్కడి పద్ధతి. వెక్స్‌ఫర్డ్ లేచాడు. పొలాల గురించి, కష్టం గురించి మాట్లాడి, చివరికి అక్కడికే వచ్చాడు.

"ఈవిడ ఎలాంటి మనిషో తెలుసా? సొంత ఆడపడుచు గౌను కుట్టి తెస్తే, సెనేట్ ఇంకా అవుననలేదంటూ లాగి పారేసింది. వెనకాల కూర్చుంది చూడండి, ఆ చివాట్లు తిన్నది ఆవిడే. అవునా కాదా, మేడమ్?"

అందరూ నవ్వారు. బెర్నడీన్ అందరికన్నా ముందు నవ్వి, తల ఊపింది. ఆర్డిత్ అవునండీ అంటే చాలు. ఆ అవును నోటిదాకా వచ్చింది కూడా. కుర్చీ చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉంది.

"కాదండీ" అంది. "నేను కోప్పడలేదు. తొడుక్కున్నాను. నాకు చాలా బాగా అనిపించింది. మా వదిన నా కోసం అలా చెప్పింది."

నవ్వు ఆగిపోయింది. వెక్స్‌ఫర్డ్ కూర్చున్నాడు. మిగతా సెనేటర్లు ప్రశ్నలేవో అడిగారు, ఆమె జవాబులేవో చెప్పింది. ఆ వీడియో ముక్క మాత్రం సాయంత్రానికల్లా మా కౌంటీలో అందరి ఫోన్లలోనూ ఉంది.

విమానాశ్రయంలో బెర్నడీన్ రెండు కుర్చీలు వదిలి కూర్చుంది. కాఫీ తెస్తానన్నా వద్దంది.

"దేశమంతా చూస్తుండగా నన్ను అబద్ధాలకోరుని చేశావు" అంది చివరికి.

"ప్రమాణం చేయించారు వదినా."

"వాళ్ళతో ప్రమాణం ఒక పూట. మాతో ఉండాల్సింది బతికినంతకాలం. రేపు చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

వదిన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అప్పుడే ఫోన్ మోగింది. లాయరమ్మాయి. సెనేటర్ కాగితం వెనక్కి తీసుకున్నాడట. అధ్యక్షుడు వేరే పేరు చూసుకుంటాడట. చాలా బాధగా ఉంది మేడమ్ అంటోంది. "నీదేం తప్పులేదమ్మా" అని ఆర్డిత్ ఫోన్ పెట్టేసింది.

"ఏమంటున్నారు?" అన్నాడు వెర్లిన్.

"అయిపోయింది."

"పోనీలే. నీకూ దానిమీద అంత ఆశేం లేదుగా."

ఆర్డిత్ నవ్వబోయింది. రాలేదు. సామాన్లు లాక్కుంటూ పోతున్న జనం మధ్య, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఉంది. ముప్పై ఏళ్ళనుంచీ ఉంది. ఆ కుర్చీలో కూర్చుని ఒక్క మనిషి మాటైనా చివరిదాకా వినాలని ఉంది. ఇంకేదీ అంత కోరుకోలేదు నేను."

వెర్లిన్‌కు ఏం చెయ్యాలో తోచక ఆమె కోటు సర్దాడు. బెర్నడీన్ లేచి, మధ్యలోని రెండు కుర్చీలూ దాటి వచ్చి పక్కన కూర్చుంది. కోపం ఇంకా మొహంలోనే ఉంది.

"ఇంతగా కావాలని ఒక్కసారి చెప్పి చావొచ్చుగా" అంది. "ఎవరూ నిన్ను అవునా కాదా అని అడగక్కర్లేని అబద్ధం ఏదైనా చెప్పేదాన్ని."