చెక్కిన గెట్టు

“గెట్టు నువ్వు మింగలేదానే అన్నా? యేడాదికింత చెక్కి నీ పొలంల కలుపుకుంటివి!”

“మరి నీ పార దండ ఏసుకొని మూలకు కూసున్నదారా? నీ దిక్కు సూడు, ఎట్ల బోడిగైందో!”

సుల్తానాబాద్ దగ్గరి మా ఊళ్లో సదానందం, ఆయన తమ్ముడు కొండల్ ఇలా అరుచుకోవడం కొత్త కాదు. నాట్లకు ముందు ఇద్దరి పొలాల నడిమి గెట్టు మీది గడ్డిని పారతో చెక్కాలి. గడ్డి పేరుతో ఏటేటా చెరోవైపు నుంచి బెత్తెడు మట్టి కూడా చెక్కారు. ఎడ్లబండి నడిచిన గెట్టు ఇప్పుడు కాలు పెడితే జారుతుంది. నీళ్లు ఎవరి మడిలోనూ నిలవవు. అయినా ఇద్దరికీ ఎదుటివాడి పారే కనిపిస్తుంది.

లొల్లి ఆగాక సదానందం కాలువలో కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చున్నాడు. డిగ్రీ మధ్యలో వదిలేశానని ఊరంతా నాకు నీతులు చెబుతుంది, ఊరి వరసకు పెద్దబాపయ్యే ఈయన చెప్పడు. అందుకే ఈయన దగ్గర కూర్చుంటాను.

ఆయన కొడుకు శ్రీహరి గల్ఫ్‌లో ఇరుక్కుపోయాడు. యుద్ధం మొదలై విమానాలు ఆగిపోయాయి. పాస్‌పోర్టేమో యజమాని దగ్గరుంది.

“పెద్దబాపు, గా యుద్ధం ఎందుకొచ్చిందంటవ్? హోటల్ల ఒకడు చమురు కోసమంటుండు, ఇంకొకడు అణుబాంబు కోసమంటుండు.”

“అన్నీ నిజమే అయుంటయ్. మొదటి రాకెట్ ఎవడేసిండని అందరడుగుతరు. ఎన్నేండ్ల సంది ఎవడెంత చెక్కిండో ఎవడడుగుతడు? గెట్టు ఒక్కనాడు కూలదు బిడ్డా.”

“గింత తెలిసి నువ్వెందుకు చెక్కినవే?”

“వాడు చెక్కుతుండు గద!”

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఆయన ఫోన్ మోగింది, స్పీకర్‌లో పెట్టాడు. శ్రీహరి. వెనక ఏదో దద్దరిల్లుతోంది.

“బాపు, బయటికి పోవద్దన్నరు. రూంలనే ఉన్నం. సుధాకర్ నా పక్కనే ఉన్నడు, వాని ఫోన్ పలిగింది. చిన్నబాపుకు జర చెప్పు...”

లైన్ తెగింది.

సుధాకర్ కొండల్‌కు ఒక్కడే కొడుకు. ఇక్కడ తండ్రులకు గెట్టు నిలవలేదు. అక్కడ కొడుకులిద్దరిదీ ఒకటే గది. ఫోన్ కలవక కొండల్ తిండి కూడా మానేశాడని ఊరందరికీ తెలుసు.

గెట్టు అవతల కొండల్ పార ఆనుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు. పిలిస్తే పలికేంత దూరం. సదానందం లేచాడు. నోరు తెరిచాడు. మళ్లీ కూలబడ్డాడు.

“నేను పోతే, ఓడిపోయి కాళ్లకాడికి వచ్చిండంటడు. నువ్వు పో పిల్లగా. సుధాకర్ మంచిగనే ఉన్నడని చెప్పు.”

నేను లేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

“నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు.”